బ్యాండేజీ వెడల్పు ఎంతుండాలి?

ఎ.జె. క్రోనిన్ నవల 'ది సిటడెల్' 1937లో వచ్చింది. వేల్స్‌లో బొగ్గు గనుల ఊళ్ళో ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టరు ఆండ్రూ మాన్సన్‌కి ఒక సంగతి కంటపడుతుంది. ఆంత్రసైట్ గనుల్లో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులు మిగతావాళ్ళకంటే ఎక్కువ పాడవుతున్నాయి. రాతి దుమ్ము మీద అనుమానం పడతాడు. పగలు డ్యూటీ, రాత్రి భార్యతో కలిసి లెక్కలు. గని కార్మికుల్ని ఒక్కొక్కర్నీ పరీక్ష చేసి, ఆ దుమ్ము మీదే థీసిస్ రాసి ఎం.డి. తెచ్చుకుంటాడు. లండన్‌లో గనుల వ్యవహారాలు చూసే ఒక బోర్డు అతన్ని పిలిచి ఉద్యోగమిస్తుంది. ఇక దుమ్ము సంగతి తేల్చేయొచ్చని గంతులేసుకుంటూ వెళ్తాడు. అక్కడ అతనికి అప్పజెప్పిన పనేమిటంటే, గనుల్లో ప్రథమ చికిత్స పెట్టెల్లో పెట్టే బ్యాండేజీల కొలతలు తేల్చడం!

ఈ నవల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా రెండో సగం గురించి రాస్తారు. డబ్బు వెంట పడ్డ లండన్ డాక్టర్లు, ఆ తర్వాత ఇంగ్లండులో వచ్చిన ఉచిత వైద్యం మీద ఈ పుస్తకం ప్రభావం, ఇలాంటివి. బ్యాండేజీల ఘట్టాన్ని హాస్యం కింద కొట్టిపారేస్తారు. నాకు మాత్రం నవల మొత్తంలో భయపెట్టిన ఘట్టం అదే. అందులో దుర్మార్గుడు లేడు. బోర్డులో అందరూ మర్యాదస్తులే, టీ తాగుతారు, మినిట్స్ రాస్తారు. దుమ్ము మీద పరిశోధన వద్దని ఒక్కరూ అనరు. బ్యాండేజీల పని ముందు కానివ్వమంటారు, అంతే.

కార్మికుల ఆరోగ్యం, భద్రత మీద మన దేశంలో పీజీ స్థాయిలో జరుగుతున్న పరిశోధన చాలావరకు ఈ బ్యాండేజీ వెడల్పు దగ్గరే ఆగిపోయిందని నా ఆరోపణ.

నేను డాక్టర్ని కాదు, సేఫ్టీ ఆఫీసర్ని కాదు. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. కథలూ నవలలూ చదివి నాకు తోచింది రాసే అలవాటుంది. దానికి తోడు ఇంకో వింత అలవాటు: శోధగంగ తెరిచి థీసిస్‌లు చదవడం. నవ్వకండి. సిద్ధాంత గ్రంథం కూడా రచనే. దానికీ ఒక కథకుడుంటాడు, పాత్రలుంటాయి, చెప్పకుండా దాటేసిన చోట్లుంటాయి. కథలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడట్లేదు అని అడిగినట్టే థీసిస్‌నీ అడగొచ్చు. ఆ అర్హతతోనే ఇది రాస్తున్నా.

పారిశ్రామిక భద్రతలో ఎం.టెక్, కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి., ఎంబీయే హెచ్.ఆర్., సోషల్ వర్క్, ఫిజియోథెరపీ. ఇన్ని దార్లలోంచి వచ్చినవాళ్ళూ ఈ విషయం మీద రాస్తున్నారు. అయినా నాలుగు చదివేసరికి అయిదోది చదవకుండానే చెప్పేయొచ్చు. ఒకటో అచ్చు: ఫలానా పట్టణంలో ఫలానా ఉద్యోగుల్లో భద్రత గురించిన జ్ఞానం, వైఖరి, ఆచరణ. రెండో అచ్చు: కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకో, పళ్ళ డాక్టర్లకో, నర్సులకో మెడ, నడుం నొప్పులు. 1987 నాటి నార్డిక్ ప్రశ్నావళి ఒకటి, 1993 నాటి రూలా స్కోరు ఒకటి, రెండూ కలిపితే థీసిస్. మూడోది 'సేఫ్టీ కల్చర్': అయిదు గళ్ళ లికర్ట్ స్కేలు మీద ముప్పయ్యో నలభయ్యో వాక్యాలు, ఎస్పీఎస్ఎస్‌లో పోసి తీసిన బాణాల బొమ్మ. నాలుగోది ఈమధ్య మా సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వచ్చిన కొత్త అల్లుడు, కృత్రిమ మేధ. దాని సంగతి కాసేపాగి చెప్తా.

చివరి అధ్యాయం మాత్రం అన్నిట్లో ఒకటే. కార్మికుల్లో అవగాహన పెంచాలి. శిక్షణ తరగతులు పెట్టాలి. మరింత పెద్ద శాంపిల్‌తో మరిన్ని పరిశోధనలు జరగాలి.

నా మెడ మీద మన విశ్వవిద్యాలయాలకి ఎంత శ్రద్ధో చెప్పలేను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి ఫారాలు ఎన్ని నింపానో లెక్కలేదు. వాట్సాప్‌లో లింకు వస్తుంది, పది నిమిషాలు, అయిపోయింది. మా నొప్పులు అబద్ధమని అనను. మణికట్టు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు లేచి కూర్చునేవాళ్ళు మా టీములోనే ఉన్నారు. కానీ మమ్మల్ని ఇంతగా పరిశోధించడానికి కారణం మా నొప్పి తీవ్రత కాదు కదా. మాకు ఇంగ్లీషొచ్చు, ఈమెయిలుంది, ఏసీలో కూర్చుంటాం, మా గేటు దగ్గర ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పరిశోధన పద్ధతుల అధ్యాయంలో దీన్ని 'కన్వీనియెన్స్ శాంపిల్' అని నిజాయితీగానే ఒప్పుకుంటారు. ఎవరి కన్వీనియెన్సో ఆ పేరులోనే ఉంది.

అదే ప్రశ్నావళిని ఫ్యాక్టరీ కార్మికుడి దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఏమవుతుందో చూడండి. ఇది భాష గురించి పట్టింపున్న పాఠకులకి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. అనుబంధంలో పెట్టే తెలుగు అనువాదాలు చదివితే దిగులేస్తుంది. 'మీరు గత పన్నెండు మాసములలో కండరాస్థి సంబంధిత అసౌకర్యమును అనుభవించితిరా?' అన్న వరసలో ఉంటాయి. నడుం పట్టేసిందా, పిక్కలు గుంజుతున్నయా, మెట్లెక్కితే ఆయాసమొస్తోందా, పొద్దున లేవగానే దగ్గితే ఏం రంగు పడుతోంది అని అడగరు. పక్కన సూపర్‌వైజర్ నిలబడి ఉండగా 'యాజమాన్యం నా భద్రతకు ప్రాధాన్యమిస్తోంది' అన్న వాక్యం చదివి వినిపిస్తే, 'పూర్తిగా అంగీకరిస్తున్నాను' దగ్గర టిక్కు పెట్టక ఏం చేస్తాడు? బాగానే ఉందండి అంటాడు. ఆ 'బాగానే ఉందండి'కి సగటు, ప్రామాణిక విచలనం, పి విలువ కట్టి దానికి శాస్త్రం అని పేరు పెడతాం.

ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లో వృత్తి వ్యాధుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో ఇంకొకటి చేర్చమన్నాడు: నువ్వేం పని చేస్తావు? మూడు వందల ఏళ్ళు దాటినా మన ఓపీ చీటీ మీద వృత్తి దగ్గర 'కూలీ' అనే ఉంటుంది. ఆ ఒక్క మాట కింద క్వార్ట్జ్ పొడి కొట్టేవాడు, రియాక్టర్ కడిగేవాడు, మిర్చి కల్లంలో పనిచేసేది, మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడు అందరూ మాయమైపోతారు. సిలికోసిస్ వచ్చినవాడికి క్షయ మందులు వాడుతూ పోవడం మన దేశంలో పాత కథే. ఎక్స్‌రేలో రెండూ ఒకదాన్నొకటి పోలి ఉండటం ఒక కారణం, ఏం పని చేస్తావని అడక్కపోవడం ఇంకో కారణం.

ఇక ఈ థీసిస్‌లన్నిటి మూలపురుషుడి దగ్గరికొద్దాం. హెర్బర్ట్ హైన్‌రిచ్ అమెరికాలో ఒక బీమా కంపెనీ ఉద్యోగి. 1931లో రాసిన పుస్తకంలో, ప్రమాదాల్లో 88 శాతం మనుషుల అజాగ్రత్త పనుల వల్లే జరుగుతాయని తేల్చాడు. ఆ లెక్క ఎక్కడిది? బీమా క్లెయిములు, యజమానుల దగ్గరున్న ప్రమాద రికార్డులు. ఆ రికార్డులు రాసిందెవరు? సూపర్‌వైజర్లు. అంటే సూపర్‌వైజర్ 'వీడి తప్పే' అని రాసిన కాగితాల్ని కూడితే 'వాళ్ళ తప్పే' అని వచ్చింది. దీని మీద విమర్శలు ఎన్నో వచ్చాయి, మూల దత్తాంశం ఎవరికీ దొరకలేదు. అయినా ఆ 88 మాత్రం సాహిత్య సమీక్ష అధ్యాయాల్లో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. మన అవగాహన పెంచాలి, శిక్షణ ఇవ్వాలి అనే ముగింపులన్నీ దాని సంతానమే.

మా వృత్తిలో సంగతి చెప్తా. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి కోట్ల రూపాయల వ్యాపారం ఆగిపోయిందనుకోండి. కాస్త పద్ధతైన కంపెనీల్లో మర్నాడు రాసే పోస్ట్‌మార్టంలో ఒక నియమముంటుంది: మనిషి పేరు రాయకూడదు. ఒక కుర్రాడు తప్పు కమాండ్ కొట్టాడని రాస్తే ఆ నివేదికని వెనక్కి పంపేస్తారు. ఆ కమాండ్ కొట్టగలిగేలా వ్యవస్థ ఎందుకుంది, అడ్డుకోవాల్సిన గోడ ఎక్కడ లేదు అని అడుగుతారు. ఒక వెబ్‌సైట్ గంటసేపు ఆగితే పాటించే ఈ మర్యాద, మనిషి రియాక్టర్ పక్కన కాలిపోతే ఎందుకు లేదు? అక్కడ ఇంకా 'కార్మికుల నిర్లక్ష్యం' అనే రెండు ముక్కలతో పరిశోధన ముగిసిపోతుందేం?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీదికొచ్చింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి ఉంది. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, అది తనంతట తాను గట్టిపడుతూ వేడెక్కిపోకుండా నిరోధక రసాయనం కలపాలి. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికని ఆ జులైలోనే బయటపెట్టారు, అది మంచి పని. అందులో నన్ను నిద్రపోనివ్వని వివరం ఒకటుంది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. పైపొరల్లో వేడి ఎక్కుతుంటే అడుగున ఉన్న మీటరుకి తెలియలేదు. నిరోధకం చాలినంత లేదు. సైరన్ మోగలేదు.

ఇప్పుడు చెప్పండి, ఏ లికర్ట్ స్కేలు ఆ ట్యాంకు పైపొరని చూడగలిగేది? ఆ ఊరి జనానికి 'వైఖరి' ఎంత బాగుంటే బతికేవాళ్ళు? ఇక్కడ పీజీ విద్యార్థికి బంగారంలాంటి ప్రశ్న ఉంది: మన రాష్ట్రాల్లో తనంతట తాను వేడెక్కే రసాయనాలు నిలవచేసే ట్యాంకులెన్ని, వాటిలో ఎన్నిటికి ఒక్కచోటే థర్మామీటరు ఉంది? రెండేళ్ళ ఎం.టెక్‌కి సరిగ్గా సరిపోయే పని. నా కంట పడినంతలో ఇలాంటి శీర్షిక కనబడలేదు. హెల్మెట్లు మాత్రం కనబడ్డాయి.

హెల్మెట్లంటే మా కొత్త అల్లుడి సంగతి. కెమెరా పెట్టి, యోలో లాంటి మోడల్‌కి కొన్ని వేల ఫొటోలు చూపించి, ఎవడు హెల్మెట్ పెట్టుకోలేదో కనిపెట్టడం. ఎం.టెక్ ప్రాజెక్టుల్లో ఇప్పుడు దీనికున్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఎందుకో నాకు బాగా తెలుసు. ఫొటోల సమూహం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కోడ్ కూడా దొరుకుతుంది, ఫ్యాక్టరీ గడప తొక్కకుండా 'కచ్చితత్వం' తొంభై పైన చూపించొచ్చు. భద్రతా శాస్త్రంలో మొదటి పాఠమే ప్రమాదాన్ని అదుపుచేసే మెట్ల వరస: ముందు ప్రమాదకరమైనదాన్ని తీసెయ్యి, కుదరకపోతే మార్చు, కుదరకపోతే యంత్రానికి అడ్డు కట్టు, ఆ తర్వాతే నియమాలు, అన్నిటికంటే కింద హెల్మెట్టూ గ్లవ్స్. మన తెలివంతా తీసుకెళ్ళి ఆ ఆఖరి మెట్టు మీద కుమ్మరిస్తున్నాం. కెమెరాకి సాల్వెంట్ ఆవిరి కనబడదు. సన్నటి సిలికా ధూళి కనబడదు. పదిహేను గంటలు పనిచేసినవాడి నిద్ర కనబడదు. తలకాయ కనబడుతుంది. రేపు ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎగ్గొట్టడానికి ఆ వీడియో పనికొస్తుందన్న సంగతి కోడ్ రాసేటప్పుడు మనకి తోచదు.

పరిశోధన ధోరణుల మీద కూడా పరిశోధనలొస్తున్నాయి, అదింకో తమాషా. స్కోపస్‌లోంచి వ్యాసాల జాబితా దించుకుని, వీఓఎస్‌వ్యూయర్‌లో వేస్తే రంగురంగుల బుడగలొస్తాయి. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో అంత పెద్ద బుడగ. అచ్చయినవాటిని లెక్కపెట్టే సాధనం అది. అచ్చుకానిదాని ఖాళీ అందులో ఎలా కనబడుతుంది?

ఖాళీ అని ఎందుకంటున్నానంటే, ఈ రంగంలో కనబడనివాళ్ళే అసలు కథ. ఎపిడెమియాలజీలో 'ఆరోగ్యవంతుడైన కార్మికుడి ప్రభావం' అని ఒక పాత హెచ్చరిక ఉంది. ఫ్యాక్టరీలోకి వెళ్ళి పరీక్ష చేస్తే కనిపించేది ఇంకా పనిచేయగలిగినవాళ్ళే. జబ్బుపడ్డవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. విజయవంతమైన రిక్వెస్టుల్ని మాత్రమే లాగ్ చేసి మా సిస్టమ్ బ్రహ్మాండం అని చెప్పుకున్నట్టన్నమాట. సిలికోసిస్ ముదరడానికి చాలాచోట్ల పదేళ్ళు పడుతుంది, దుమ్ము మరీ దారుణంగా ఉంటే ఇంకా తక్కువ. కాంట్రాక్టు నెలలకే అయిపోతుంది. మనిషి ఒడిశాకో, బీహార్‌కో, ఛత్తీస్‌గఢ్‌కో తిరిగిపోతాడు. ఒక్కరోజు వెళ్ళి కొలిచే పరిశోధనకి అతను ఎన్నటికీ దొరకడు. మస్టర్ రోల్‌లోనే లేనివాడు శాంపిల్‌లోకి ఎలా వస్తాడు?

గుజరాత్‌లోని గోధ్రా క్వార్ట్జ్ కర్మాగారాల్లో పనిచేసి, మధ్యప్రదేశ్ అలీరాజ్‌పూర్, ఝాబువా ఆదివాసీ ఊళ్ళకి తిరిగొచ్చి చనిపోయినవాళ్ళ సంగతి తెలిసిందే. వాళ్ళని వెతికి లెక్కపెట్టింది ఫ్యాక్టరీకి వెళ్ళినవాళ్ళు కాదు, ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు. ఇల్లిల్లూ తిరిగిన సంఘాల లెక్క మానవ హక్కుల కమిషన్ దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో 238 కుటుంబాలకి తలా 3 లక్షల రూపాయలు ఇవ్వమని కోర్టు చెప్పింది. గణాంక శాస్త్రం తెలిసినవాళ్ళు దీన్ని గమనించాలి. వాళ్ళు శాంపిల్‌ని గేటు దగ్గర వెతకలేదు, శవం లేచిన ఇంటి దగ్గర వెతికారు. ఆ ఒక్క మార్పుతో కనిపించే నిజమే మారిపోయింది.

ఇక్కడ విద్యార్థుల తరఫున ఒక మాట చెప్పాలి. వాళ్ళని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఎం.డి. చదివే అమ్మాయికి మూడేళ్ళు, అందులో సగం రాత్రి డ్యూటీలకే సరి. ఎం.టెక్ కుర్రాడికి చేతిలో ఉన్నది ఏడాది. ఫ్యాక్టరీ అనుమతి కావాలంటే హెచ్.ఆర్. చుట్టూ తిరగాలి. అనుమతిచ్చినా, అచ్చువేసేముందు మాకు చూపించాలి అన్న షరతు. మా కంపెనీ పేరు రావద్దు అన్న ఇంకో షరతు. గైడ్‌కి ఆ కంపెనీతోనే ప్లేస్‌మెంట్ల సంబంధం. ఇన్నిటి మధ్య ఆ పిల్లలు గూగుల్ ఫారం వైపు వెళ్ళడం సహజం. తప్పు వాళ్ళని ఒంటరిగా గేటు దగ్గరికి పంపినవాళ్ళది.

మంచి పని జరగట్లేదనీ అనను. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ విభాగాల్ని అందరూ చులకనగా చూస్తారు, వంటలూ కుట్లూ అని. నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్ళ గుండె వేగం పొలంలోనే కొలిచి, ఏ పనికి ఎంత శ్రమో లెక్కగట్టి, దానికి తగ్గ చిన్న చిన్న పనిముట్లు చేసిచ్చింది వాళ్ళే. వాళ్ళ పట్టికల్లో ఒక్క పెద్ద సిద్ధాంతమూ ఉండదు. ఏ కొడవలికి ఎంత పిడి ఉంటే చెయ్యి తక్కువ నొస్తుందో ఉంటుంది. సేఫ్టీ కల్చర్ బాణాల బొమ్మలు వంద కలిపినా ఆ పిడికి సాటిరావు.

ఉద్దానం సంగతీ ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నేను చదివినంతలో చూపు ఎక్కువగా నీళ్ళ మీదా మట్టి మీదా ఉంది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే వచ్చినప్పుడు, ఎండలో కూలిపని మీద అనుమానంతో నీరు, నీడ, విశ్రాంతి ఇచ్చి చూసి కిడ్నీ పరీక్షలు కొలిచారు. ఉద్దానంలోనూ ఎండే కారణమని నేననను. కానీ జీడితోటలో, కొబ్బరితోటలో ఎవరు ఎన్ని గంటలు ఏ ఎండలో ఏ పని చేస్తారు, మధ్యలో ఎన్ని నీళ్ళు తాగుతారు అన్న డైరీ ఒక ఏడాది పాటు రాయడానికి ఒక్క పీజీ విద్యార్థి చాలు. 'వృత్తి: కూలీ' అని రాసి వదిలేస్తే ఆ ప్రశ్నే పుట్టదు.

గేటు తెరవడానికి చట్టంలో దారి లేదా అంటే, ఉంది. ఫ్యాక్టరీల చట్టంలో 91-ఎ సెక్షన్ అని, భద్రత, ఆరోగ్య సర్వేలు చేయడానికి అధికారులకీ, వాళ్ళు అధికారం ఇచ్చినవాళ్ళకీ లోపలికి వెళ్ళే హక్కు, యజమాని సహకరించాల్సిన బాధ్యత రెండూ రాసిపెట్టారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్‌లోనూ సర్వే ఏర్పాటు ఉంచారు. అదే కోడ్‌లో ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యని, కరెంటు వాడేచోట 10 నుంచి 20కి, వాడనిచోట 20 నుంచి 40కి పెంచేశారు. చిన్న చిన్న షెడ్లు చాలావాటికి ఇక ఆ పేరే ఉండదు. విశ్వవిద్యాలయాలు అటువైపు చూడాల్సిన సమయం ఇదే. చూస్తున్న జాడ లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల తయారీకి వాడే సెల్యులోజ్ పొడి చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా చనిపోయారు, కొందరి శరీరాలు కూడా దొరకలేదు, చాలామంది వేరే రాష్ట్రాలవాళ్ళు. సెల్యులోజ్ లాంటి సన్నపొడి గాల్లో లేస్తే నిప్పురవ్వకి పేలుతుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అమెరికా ప్రమాణాల్లో తరచూ చెప్పే హద్దొకటుంది: నేల మీదా దూలాల మీదా 0.8 మిల్లీమీటరు మందాన పొడి పేరుకుంటే చాలు, శుభ్రం చేయాల్సిన ప్రమాదం కింద లెక్క. చూశారా, కొలవాల్సిన మందం ఇక్కడొకటి ఉంది. పాశమైలారంలో, జీడిమెట్లలో, అచ్యుతాపురంలో పొడి తయారుచేసే యూనిట్లలో దూలాల మీద ఎంత మందాన పేరుకుంటోందో కొలవడానికి స్కేలు, బ్రష్షు, తక్కెడ చాలు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కావలసింది గేటు పాసు. ఆ పాసు అడిగే ఉత్తరం 91-ఎని, దాని స్థానంలో వచ్చిన కొత్త సెక్షన్‌ని చూపిస్తూ ఫ్యాక్టరీల శాఖ డైరెక్టరుకి వెళ్ళాలి. దాన్ని రాయాల్సింది విద్యార్థి కాదు. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రార్ రాయాలి, వచ్చే విద్యా సంవత్సరం థీసిస్ అంశాలు ఖరారయ్యేలోపే.